ఆది జాకెట్టు ఉన్నట్టే ఆది సినిమా ఉండాలి

జాకెట్టు కుట్టించుకోవడానికి కొత్తగా ఎవరొచ్చినా నేను మొదట అడిగేది "ఆది జాకెట్టు తెచ్చావా అమ్మా?" అని. టేపు పెట్టి ఛాతీ, నడుము, చెయ్యి పొడవు ఎన్నిసార్లు కొలిచినా, ఒంటికి హాయిగా ఉన్న పాత జాకెట్టు చెప్పినంత సంగతి టేపు చెప్పదు. చంకలో ఎంత వదులుంటే ఈమెకి ఇబ్బంది ఉండదో, వెనక మెడ ఎంత దిగితే వాళ్ల అత్తగారు ఊరుకుంటారో ఆ పాత జాకెట్టుకే తెలుసు.

సినిమాలకీ నాది అదే పద్ధతి. ఎవరెన్ని స్టార్లు ఇచ్చారో చూడను. నా దగ్గరున్న ఆది సినిమా, అంటే కొలతకని పెట్టుకున్న పాత సినిమా, పక్కన పెట్టి చూసుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా ముందు గదిలో మిషను తొక్కుతూ, ఎదురుగోడ మీద టీవీ చూస్తూ అలవడిన పద్ధతి ఇది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు "అక్కా, ఈ ఆదివారం ఏం చూడమంటావు?" అని అడుగుతుంటే, ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామనిపించింది.

మాది కందుకూరు. జిల్లా ఏదంటే మాత్రం ఏ ఏటి సంగతని అడగాలి. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా నెల్లూరు, ఆ తర్వాత యాభై రెండేళ్లు ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇల్లు కదలకుండానే మా అత్తమ్మ 2022 నాటికే రెండుసార్లు జిల్లా దాటింది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు, చెవి కాస్త మందం, రిమోటు ఎప్పుడూ ఆవిడ దిండు కిందే. కాబట్టి నేను చెప్పేదంతా ఆవిడ ఒప్పుకున్నాకే చూడగలిగిన సినిమాల గురించని గుర్తుంచుకోండి.

ముందు టీవీ సంగతి చూసుకోండి

సినిమా బాగాలేదని తిట్టేముందు మీ టీవీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఈ టీవీ కొన్న కొత్తలో మా ఇంట్లో ఏ సినిమా పెట్టినా సీరియల్‌లా కనపడేది. మనుషులు నడుస్తుంటే నూనె మీద జారుతున్నట్టుండేది. ఆరు నెలలు సినిమాలనే తిట్టుకున్నాను. ఒంగోల్లో బీటెక్ చదివే మా పాప సెలవులకొచ్చి, సెట్టింగుల్లోకి వెళ్లి ఒక మీట నొక్కితే ఆ జారుడు పోయింది. సినిమాని సెకనుకి 24 బొమ్మల లెక్కన తీస్తారట. టీవీ అతితెలివి చూపించి, బొమ్మకీ బొమ్మకీ నడుమ సొంతంగా మరికొన్ని కల్పించి ఇరికిస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లో 'మోషన్' అన్న మాట ఎక్కడ కనపడినా ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. 'సినిమా' అనో 'ఫిల్మ్‌మేకర్' అనో మోడ్ ఉంటే అది పెట్టుకోండి. మొదట కాస్త పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. కొట్లో లైట్ల కింద మెరిసిన చీర ఇంటికి తెచ్చాక వేరే రంగులో కనపడినట్టే, షోరూములో గిరాకీ కోసం పెట్టిన రంగులు ఇంటి గోడ మీద పనికిరావు.

పాత సినిమాలకి తెర రెండు వైపులా నల్ల పట్టీలు వస్తాయి. రానివ్వండి. అప్పట్లో బొమ్మ దాదాపు చదరంగా తీసేవాళ్లు. "ఇంత డబ్బు పోసి కొంటే సగం నలుపేంది?" అని మా ఆయన ఒకసారి బొమ్మని అడ్డంగా సాగదీశాడు. సావిత్రి మొహం పూరీలా ఉబ్బింది. అత్తమ్మ రిమోటు విసిరేసినంత పని చేసింది.

మూడోది మాటలు వినపడకపోవడం. ఇది అందరిళ్లలోనూ ఉండే బాధే. పాటకీ ఫైటుకీ ఇల్లు అదురుతుంది, మనుషులు మాట్లాడుకుంటే గుసగుసలా ఉంటుంది. హాల్లో మాటల కోసం తెర వెనక, మధ్యలో విడిగా ఒక స్పీకరు ఉంటుంది. మన టీవీకి ఉన్నవి రెండే. సినిమా పెట్టాక ఆడియో అన్నచోటికి వెళ్లి చూస్తే 5.1 అనీ, స్టీరియో అనీ రెండు రకాలు కనిపిస్తే స్టీరియో ఎంచుకోండి. టీవీలో 'డైలాగ్' అనో 'వాయిస్' అనో మోడ్ ఉంటే అదీ వేయండి. దీనితో అత్తమ్మ వాల్యూము నలభై నుంచి ఇరవై ఆరుకి దిగింది. పక్కింటివాళ్లు ఇప్పుడు మాతో మాట్లాడుతున్నారు.

ఇక స్పీడు. మా అబ్బోడు ఫోనులో అన్నీ ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. ఒకరోజు వాడికి తెలియకుండా అదే స్పీడులో 'శంకరాభరణం' పెట్టి వినిపించాను. ఆ తర్వాత నా ముందు ఆ పని చేయలేదు.

చెయ్యి ఆగిందా, లేదా?

నేను ఖాళీగా కూర్చుని చూసేది తక్కువ. చేతిలో ఏదో పని ఉంటుంది. కాబట్టి నా మొదటి కొలత, సినిమా నడుస్తుంటే నా చెయ్యి ఏమైందన్నదే. మీకు కుట్టుపని లేకపోతే చిక్కుడుకాయలు వలవండి, బియ్యం ఏరండి, బట్టలు మడతపెట్టండి. ఫోను మాత్రం పట్టుకోవద్దు. చేతిపని మనసుని ఖాళీగా వదులుతుంది, ఫోను వదలదు.

హుక్సులు, కాజాలు, చీర అంచు హెమ్మింగు చేసేటప్పుడు కళ్లు కిందుంటాయి, చెవులు ఖాళీ. అప్పుడు మాటల మీద నడిచేవి పెట్టాలి. నాకు దీనికి 'అమృతం' ఉంది. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రుళ్లు వచ్చిన సీరియల్, 313 భాగాలు. తల ఎత్తకపోయినా అమృతరావు ఏ మొహం పెట్టాడో, అంజి పక్కన ఎలా బిక్కచచ్చి నిలబడ్డాడో గొంతుల్లోనే తెలిసిపోతుంది. ఇప్పటికీ హెమ్మింగు పని ఎక్కువ ఉన్నరోజు అదే.

మిషను తొక్కేటప్పుడు చెవి పనిచేయదు, కన్ను అప్పుడప్పుడూ ఎత్తొచ్చు. అప్పటికి ముందే కంఠతా వచ్చినవి పెడతాను. 'గుండమ్మ కథ' లాంటివి. కొత్త సినిమా మిషను మీద చూసి అభిప్రాయం చెప్పడం తప్పు. నేనూ చేశాను ఆ తప్పు. ఒక సినిమాలో సగం మాటలు మిషను చప్పుడులో పోగొట్టుకుని, కథ తెగిపోయిందని పదిమందికి చెప్పాను.

కటింగు అప్పుడు టీవీ కట్టేయాలి. ఇది అనుభవం మీద వచ్చిన నియమం. 'దృశ్యం' మొదటిసారి టీవీలో చూస్తూ ఒక పెళ్లికూతురి జాకెట్టు కత్తిరించాను. వెంకటేష్ పోలీసుల ముందు కూర్చున్నాడు, నా కత్తెర దాని దారిన అది పోయింది. కుట్టాక చూస్తే రెండు చేతులూ ఎడమవే. ముందు వంపు వెనక్కి, వెనక వంపు ముందుకి. ఇంకో అరమీటరు అదే పట్టు దొరికేదాకా నాకు అన్నం దిగలేదు. అప్పటినుంచి మా ఇంట్లో సినిమాకి ఇచ్చే పెద్ద మార్కు పేరు 'రెండు ఎడమ చేతులు'. ఇన్నేళ్లలో నేనది ఇచ్చింది ఐదారింటికే.

చెయ్యి పూర్తిగా ఆపేసే రకం ఇంకొకటుంది. 'పుష్పక విమానం'. 1987లో సింగీతం శ్రీనివాసరావు తీశారు. సినిమా మొత్తంలో ఒక్క డైలాగూ లేదు. చెవిని నమ్ముకుని కుట్టేవాళ్లకి అది శత్రువు, తల దించితే కథ పోయినట్టే. చెవి మందమైన మా అత్తమ్మకి మాత్రం అదే ప్రాణం. చుట్టుపక్కల అందరూ నవ్వుతుంటే ఏమన్నారని అడగాల్సిన పని లేకుండా, అందరితోపాటే నవ్వగలిగిన సినిమా ఆవిడకి చాలా ఏళ్ల తర్వాత అదే దొరికింది. మీ ఇంట్లో వినపడని పెద్దవాళ్లు ఉంటే ముందు ఇదే పెట్టండి.

మా ఆయన సంగతి వేరు. పొగాకు రైతు. సంక్రాంతి వెళ్లాక బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) దగ్గరే పడక. ఆకు లోపల ఆరుతున్నన్ని రోజులు రాత్రీ పగలూ వేడి చూసుకుంటూ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తుండాలి. ఫోనులో సినిమాలు చూస్తాడు. ఆయనకి నేను పెట్టిన షరతు: అరగంటకొకసారి ఆపి లేచినా తెగనివే చూడాలి. కామెడీలు, పాత పౌరాణికాలు, విడి విడి కథలు. ఒకసారి మాట వినకుండా సస్పెన్స్ సినిమా చూశాడు. హంతకుడు దొరికేసరికి ఒక బ్యారన్ ఆకు రంగు తిరిగింది. వేలంలో ఆ బేళ్లకి వచ్చిన రేటు ఇక్కడ రాయను, ఆయన చదువుతాడు.

ఆది సినిమా ఎంచుకోవడం

ఇదే అసలు పని. ఒక్కో రకానికి ఒక్కో సినిమా ఎంచుకుని పెట్టుకోవాలి. గొప్ప సినిమా అని లోకమంతా అన్నది కాదు, మీ ఒంటికి పట్టింది. కనీసం రెండుసార్లు చూసి ఉండాలి. ఎందుకు నచ్చిందో పక్కింటామెకి రెండు మాటల్లో చెప్పగలగాలి. ఇంట్లో, ఇదే టీవీలో చూసి ఉండాలి. హాల్లో చూసినది ఇంట్లో కొలతకి పనికిరాదు. సూళ్లూరుపేటలో 100 అడుగుల వెడల్పు తెర ఉన్న హాలు 2019లో తెరిచారు కదా, మా తమ్ముడు తీసుకెళ్తే అక్కడ ఒక సినిమా చూశాను. ఆ తెర మీద మా వీధి పెళ్లి వీడియో వేసినా బాగుందనే అంటాం.

మాయలకీ, గ్రాఫిక్కులకీ నా ఆది సినిమా 'మాయాబజార్'. 1957. మూడు గంటల పైచిలుకు. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ, కొలతగా చూడటం మొదలుపెట్టాక తెలిసిన సంగతులు వేరు. ఒకటి, పాండవుల ఇంటి కథ అయినా పాండవులు తెర మీదకి రానే రారు. రాలేదని మనకి గుర్తే రాదు. అంటే కథకి ఏ మనిషి కావాలో ఏ మనిషి అక్కర్లేదో కె.వి. రెడ్డి గారికి ముందే తెలుసు. రెండు, ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక సావిత్రిని చూడండి. ఆ నడక, ఆ భుజాలు, ఉన్నట్టుండి గుర్తొచ్చి సిగ్గుపడటం. ఎస్వీ రంగారావు లోపల దాక్కుని నడిపిస్తున్నట్టే ఉంటుంది. అక్కడ కెమెరా మాయ ఏమీ లేదు, మనిషి చేసిన మాయే. మూడు, ఏ మాయ చేసినా దాని వల్ల ఎవరో ఒకరు నవ్వుతారు, లేదా ఎవరో ఒకరి పరువు పోతుంది. ఊరికే చూపించడానికి చేసిన మాయ లేదు.

ఇప్పుడు కొత్తగా ఏ గ్రాఫిక్కుల సినిమా వచ్చినా నేను వేసే ప్రశ్న అదే. ఈ మంట, ఈ కొండ, ఈ పాము లేకపోతే కథలో ఎవరికి నష్టం? ఎవరికీ లేదంటే అది జాకెట్టుకి కుట్టిన దండగ జరీ. ఇంకో మాట. 2010లో రంగులద్దిన 'మాయాబజార్' కూడా ఉంది. పిల్లలు నలుపూ తెలుపూ అంటే మొహం తిప్పుకుంటే దానితో మొదలుపెట్టండి, తప్పేం లేదు. నాకు మాత్రం వెన్నెల పాట నలుపూ తెలుపుల్లోనే వెన్నెల.

సస్పెన్సుకి 'దృశ్యం'. మలయాళంలో జీతూ జోసెఫ్ 2013లో తీస్తే, మరుసటి ఏడు తెలుగులో శ్రీప్రియ తీశారు. మొదటి అరగంట ఏమీ జరగడం లేదని చాలామంది ముందుకి జరుపుతారు. ఆ తప్పు చేయకండి. అది లైనింగు. పైకి కనపడదు, అది లేకపోతే పై గుడ్డ నిలవదు. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు పెద్దగా చదువుకోలేదు, సినిమాలు చూసి లోకం నేర్చుకున్నవాడు. ఇంట్లో కూర్చుని చూసే మనలాంటివాళ్ల మీద ఇంతకన్నా మర్యాదగా తీసిన సినిమా నాకు తెలియదు. దీనితో నేను కొలిచేది ఒక్కటే, ముక్క మిగిలిందా అని. మధ్యలో చూపించిన బస్సు టికెట్టు, హోటలు బిల్లు, అన్నీ చివరికి కుట్టులోకి వచ్చాయి. కొత్తగా వచ్చే సస్పెన్సుల్లో సగం, కథ అయిపోయాక నేల మీద ఇన్ని ముక్కలు వదిలేస్తాయి. ఆ ఫోను ఎవరిది, ఆ రెండో చెల్లెలు ఏమైందని మనం ఊడ్చుకోవాలి. 2021లో నేరుగా ప్రైమ్‌లో వచ్చిన రెండో 'దృశ్యం' ఈ కొలతకి నిలబడింది గానీ, చంకలో కాస్త బిగుతు.

ఇంటి దుఃఖానికి 'బలగం'. దీని విషయంలో నేను మాట మార్చుకున్నాను. 2023లో మొదటిసారి చూసి కొలతల పుస్తకంలో "నెమ్మది, హెమ్మింగు చేసుకోవచ్చు" అని రాశాను. తెలంగాణ యాస, మా అత్తమ్మకి సగం మాటలు కొత్త. తర్వాతి ఏడు మా పెదమామ కర్మలో కాకి కోసం మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. పిండం చుట్టూ ముగ్గురు కొడుకులు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఇంటికొచ్చి ఆ రాత్రే 'బలగం' మళ్లీ పెట్టాం. సూది చేతిలోనే ఉండిపోయింది. అందుకే చెబుతున్నా, మొదటిసారి రాసిన మాట కొట్టేయడానికి సిగ్గుపడకండి. రెండుసార్లు చూడాలనేది ఇందుకే.

మాటలతోనే బిగువు తెచ్చే సినిమాలకి మా పాప నాకొక ఇంగ్లీషు ఆది ఇచ్చింది. '12 యాంగ్రీ మెన్'. అదీ 1957దే, 'మాయాబజార్' ఈడుది. పన్నెండు మంది మగవాళ్లు ఒక గదిలో ఉక్కపోతలో కూర్చుని, ఒక కుర్రాడు హంతకుడా కాదా అని వాదించుకుంటారు. దాదాపు సినిమా అంతా ఆ గదే. గంటన్నర చిల్లర. ఇంగ్లీషు రాదని భయపడకండి. తెర కింద అక్షరాలు (సబ్‌టైటిల్స్) పెట్టుకుని, మొదటి పది నిమిషాలు ఆపి ఆపి చదవండి. ఒక్కసారి ఎవరు ఏ వైపో పట్టుబడితే మొహాలే చెబుతాయి. మా వీధి పంచాయతీలు చూసినదాన్ని, నాకు ఆ పన్నెండు మందిలో కొత్తవాడు ఒక్కడూ కనపడలేదు.

ప్రేమకథలకి నాకింకా ఆది దొరకలేదు. పాత జాకెట్టు పట్టడం లేదు, కొత్తది కుదరడం లేదు.

బట్టల పరీక్ష

ఇది నా వృత్తి రోగం. మీరూ చేసి చూడండి, సరదాగా ఉంటుంది. అప్పుల్లో మునిగిన ఇంటి పిల్ల సీను సీనుకీ కొత్త లైనింగు జాకెట్టు వేసుకుందంటే, ఆ సినిమా తీసినవాళ్లకి అప్పు సంగతి తెలియదు. డైలీ సీరియళ్లలో మగ్గం వర్కు జాకెట్టుతో పప్పు తిరగమోత పెడతారు. ఆ వర్కుకి చేతికూలి ఎంతో తెలిసినదాన్ని, నాకు కథ మీద ధ్యాస ఉండదు, నూనె చిందుతుందేమో అనే టెన్షన్. అట్టా అని సీరియళ్లని పూర్తిగా తీసిపారేయను. సాయంత్రం ఏడింటికి అత్తమ్మ చూస్తుంది, నేను హుక్సులు కుడతాను. మూడు వారాలు చూడకపోయినా కథ అక్కడే ఉంటుంది. పండగల ముందు పని ముమ్మరంగా ఉన్నప్పుడు అది పెద్ద సౌకర్యం.

సిరీస్ మొదలుపెట్టేముందు గుడ్డ కొలవండి

సినిమా జాకెట్టైతే సిరీస్ లంగా ఓణీ. ఎన్ని మీటర్లు పడుతుందో ముందే తెలుసుకోవాలి. ఎన్ని భాగాలు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, కథ అయిపోయిందా ఇంకో సీజనుకి వేలాడదీశారా, ఈ మూడూ కనుక్కోకుండా మొదటి భాగం నొక్కకండి. 'బ్రేకింగ్ బ్యాడ్' చూడమని పాప రెండేళ్లుగా పోరుతోంది. ఐదు సీజన్లు, 62 భాగాలు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మిషను చల్లబడుతుంది కాబట్టి ఆ నెలకి అట్టిపెట్టాను. రెండు ఆషాఢాలు వెళ్లిపోయాయి, అది వేరే సంగతి.

కొత్తగా అలవాటు చేసుకునేవాళ్లు చిన్నవాటితో మొదలుపెట్టండి. ఈటీవీ విన్‌లో 2024లో వచ్చిన '90స్' ఆరు భాగాలే. లెక్కల మాస్టారిగా శివాజీ. ఆ ఇంట్లో ఉప్మా గొడవ వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. హిందీ 'పంచాయత్'ని తెలుగులో మళ్లీ తీసిన 'శివరపల్లి' 2025లో వచ్చింది, ఎనిమిది భాగాలు. నా మాట అడిగితే, ముందు తెలుగుది చూసి తర్వాత హిందీది చూడండి. వరస తిరగేస్తే రెండోది మరీ అచ్చు గుద్దినట్టు అనిపిస్తుంది. 'శివరపల్లి'లో పంచాయతీ కార్యదర్శిగా వేసిన రాగ్ మయూర్ అనే కుర్రాడి కోసం 'సినిమా బండి' కూడా చూడొచ్చు.

'చెర్నోబిల్' ఐదు భాగాలు. 1986లో సోవియట్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదం మీద 2019లో తీశారు. ఇది చేతిపని పక్కన పెట్టి చూడాల్సినది, పిల్లలు పడుకున్నాకే. పాప పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే మా ఆయన చూశాడు. పొయ్యి అదుపు తప్పితే ఏమవుతుందో తెలిసిన మనిషి, మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఐదోది అయ్యాక లేచి బయటికెళ్లి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు.

రెండు భాగాలు చూశాక మూడోదానికి చెయ్యి దానంతటదే రిమోటు మీదికి పోకపోతే ఆపేయండి. "ఐదో భాగం నుంచి బాగుంటుంది" అన్నవాళ్ల మాట నమ్మొద్దు. మెడ దగ్గర పట్టని జాకెట్టు నడుము దగ్గర పడుతుందా?

మన జిల్లా వాళ్లు కదా అని మార్కులు కలపొద్దు

ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. 'మాయాబజార్'లో చిన్నమయ్యగా వేసిన రమణారెడ్డి మన నెల్లూరు మనిషి. ఆ సన్నటి మనిషి ఆ యాసతో తెర మీదకొస్తే నాకు మా తాత గుర్తొస్తాడు, ఇంక న్యాయంగా కొలవడం ఎక్కడ? ఆ సినిమాకి కె.వి. రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన సింగీతం గారూ మన జిల్లా ఆయనే. 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే కథ. మా అబ్బోడు ఇప్పటి కంటితో చూసి ఆ యంత్రాన్ని వెక్కిరించాడు, నేను రాయలవారి కాలం వచ్చేదాకా ఓపిక పట్టమన్నాను, తర్వాత వాడే మళ్లీ పెట్టుకున్నాడు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి 'మల్లీశ్వరి' సంగతి మొదలుపెడితే ఈ వ్యాసం ఇక్కడితో ఆగదు.

నెల్లూరమ్మాయి వాణిశ్రీ విషయంలో మాత్రం నాకు ఒప్పుకోవాల్సిన అప్పుంది. నాకు కుట్టు నేర్పిన చిన్నమ్మ కొట్టు 1971లో 'ప్రేమనగర్' వచ్చాకే నిలదొక్కుకుందట. అందరికీ ఆ కొప్పు, ఆ జాకెట్టే కావాలి. అందుకని 'ప్రేమనగర్' మీద నా అభిప్రాయం అడగొద్దు. తీర్పు చెప్పే కుర్చీలోంచి నేను లేచి పక్కన కూర్చుంటాను. మీకూ అట్టాంటి సినిమాలు ఉంటాయి. వాటిని పుస్తకంలో వేరే పేజీలో రాసుకోండి.

రాసుకోవడం, చెప్పడం

కొలతల పుస్తకం వెనక పేజీల నుంచి నేను సినిమాలు రాస్తాను. చూసిన రాత్రి రాయను. మర్నాడు పొద్దున మిషనుకి నూనె వేస్తూ ఏం గుర్తొస్తే అది రాస్తాను. రాత్రి గొప్పగా అనిపించి పొద్దునకి ఒక్క సీనూ గుర్తు లేకపోతే, అదే అభిప్రాయం. నాలుగు సంగతులు చాలు: ఎవరితో చూశాను, చెయ్యి ఎక్కడ ఆగింది, నీళ్ల కోసం ఎక్కడ లేచాను, ఏ ఆది సినిమా పక్కన నిలబడింది. 'బాగుంది' అన్న మాట రాయకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. ఏ గిరాకీ అయినా కుట్టిన జాకెట్టు బాగుందనే అంటుంది. మళ్లీ వేసుకుందా లేదా అన్నదే లెక్క.

ఎవరైనా ఏం చూడాలని అడిగితే వెంటనే పేరు చెప్పకండి, ముందు కొలత తీసుకోండి. "చివరిదాకా చూసిన ఆఖరి సినిమా ఏది? ఎవరితో కూర్చుంటారు?" ఈ రెండు ప్రశ్నలకి జవాబు వస్తే సగం పని అయినట్టే. కథ మొదటి అరగంట దాటి చెప్పొద్దు. పిల్లలతో చూడొచ్చా అని అడిగితే దాచకుండా చెప్పాలి. నెత్తురు ఎంత, బూతులు ఎన్ని, మామగారు పక్కనుంటే రిమోటు వెతుక్కోవాల్సిన సీన్లు ఉన్నాయా లేదా. ఒకసారి నేను చూసి మర్చిపోయిన ఒక సీను వల్ల ఒక కొత్త కోడలు వాళ్ల మామగారి ముందు ఇబ్బంది పడింది. రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు.

డబ్బు సంగతి. నాలుగు యాప్‌లకి ఒకేసారి కట్టొద్దు. నెలకి ఒక్కటి తీసుకుని, చూడాల్సినవి ముందే రాసుకుని, చూసేసి మార్చుకోండి. నెలవారీ ప్లాను కట్టిన రోజే రద్దు కూడా నొక్కేయండి, మామూలుగా కట్టిన నెల పూర్తయ్యేదాకా అది నడుస్తూనే ఉంటుంది. నేను మర్చిపోయి ఒకదానికి ఏడు నెలలు చూడకుండానే కట్టాను. ఫోన్‌పే లాంటి వాటిలో ఆటోపే అనే చోట ఏవేవి కత్తిరించుకుంటున్నాయో కనపడతాయి, అక్కడే ఆపేయొచ్చు కూడా.

మొన్న శనివారం పామూరు రోడ్డు నుంచి ఒకామె రెండు జాకెట్లు ఇవ్వడానికి వచ్చింది. ఆఖరిగా చూసింది 'దృశ్యం' అంది, ఆయనతో కలిసి చూస్తామంది. నేను '12 యాంగ్రీ మెన్' రాసిచ్చాను. బుధవారం జాకెట్లు తీసుకోవడానికి వచ్చి, నేను అడగకుండానే చెప్పింది. "నేను కదల్లేదక్కా. మా ఆయన ఇరవై నిమిషాలకే నిద్రపోయాడు, గదిలోంచి ఎవరూ బయటికి రారేందని అడిగి మరీ." పుస్తకం తీసి ఆమె పేజీలో, చెయ్యి పొడవు పది, వెనక మెడ ఎనిమిది అని ఉన్నదాని కింద రాసుకున్నాను: 'ఆయనకి ఆరుబయట జరగాలి'.